యానాదుల నేర్పుకు యానాదులే గురువులు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మన నెల్లూరు జిల్లాలో యానాది యువతకు ఉపాధి శిక్షణ అనగానే కుట్టుమిషను, సెల్‌ఫోన్ రిపేరు తప్ప మరొకటి తోచకపోవడం బాధాకరం. వరిచేలో ఎలుక బొక్క దారులన్నీ వెతికి మట్టితో మూసి, మిగిలిన ఒక్క నోటి దగ్గర కుండలో గడ్డి రాజేసి పొగ ఊది ఎలుకలను పట్టే యానాది పెద్దల పనితనాన్ని విద్యగా గుర్తించేవారేరీ? ఎలుకల మందైన జింక్ ఫాస్ఫైడ్ ఎరలు చల్లే రైతుకు కూడా ఆ పనితనం విలువ తెలుసు.

1972 వన్యప్రాణి చట్టంతో పాముచర్మాల వ్యాపారం ఆగి, బతుకుతెరువు పోయిన తమిళనాడులోని పాములు పట్టే గిరిజనులు ఇరులర్లు, పాముల నిపుణుడు రోములస్ విటేకర్ తోడ్పాటుతో 1978లో సహకార సంఘం పెట్టుకొని, పట్టిన పాముల విషం తీసి, వాటిని మళ్లీ అడవిలో వదులుతూ, పాముకాటు మందు తయారీకి ఆ విషాన్ని అందిస్తున్నారు. వారిలో వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ లభించింది.

ఇక్కడి గిరిజనాభివృద్ధి సంస్థ కూడా యానాది పెద్దలకు గౌరవ వేతనమిచ్చి, ఒక్కొక్కరి వెంట ఇద్దరు ముగ్గురు యువకులను పంట కాలమంతా పనిలో ఉంచి, చివర ధ్రువపత్రం ఇవ్వాలి. ఏం నేర్పాలో, ఎవరు నేర్పాలో మాత్రం అధికారులు కాక యానాది సంఘాలే నిర్ణయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కోవూరు