ఐదు వస్తువుల మొటిమల కిట్ ఇకపై మా దగ్గర దొరకదు

మా కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి మొటిమల కిట్ అమ్మకం ఆపేస్తున్నాం. అందులో ఉండే ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ విడివిడిగా దొరుకుతాయి. స్క్రబ్, టోనర్ మాత్రం ఇక ఉండవు. బాగా అమ్ముడుపోయే సరుకును ఎందుకు తీసేస్తున్నారని చాలామంది అడిగారు. ఉన్నదున్నట్టు చెబుతాను.

మాకొచ్చే మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఒకే మాట: "వారం నుంచి వాడుతున్నానండీ, ఏమీ తగ్గలేదు, ఇంకాస్త గట్టిది ఇవ్వండి." మొటిమల విషయంలో జరిగే పొరపాట్లలో ఈ తొందరే పెద్దదని నా నమ్మకం. మిగతావి చాలావరకు దీని వెనకే వస్తాయి. ఇవాళ కనబడే మొటిమ ఇవాళ పుట్టింది కాదు. వెంట్రుక కుదురు దగ్గర రాలిపోవాల్సిన మృతకణాలు జిడ్డుతో కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి. కంటికి ఆననంత చిన్నగా మొదలైన ఆ అడ్డు వారాల తరబడి లోపలే పెరుగుతుంది. అక్కడ క్యుటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా ఎక్కువై, వాపు వచ్చాక గానీ ఎర్రగా పైకి తేలదు. అంటే మీరు మందు మొదలుపెట్టిన రోజుకే రాబోయే నెల మొటిమలు లోపల తయారవుతున్నాయి. అందుకే ఏ మందైనా పనిచేస్తోందో లేదో తేలాలంటే 8 నుంచి 12 వారాలు పడుతుంది.

అడాపలీన్ (మొటిమలకు చర్మం మీద పూసే మందు) వాడేవాళ్లకు ఇది ఇంకా పరీక్ష. మొదటి కొన్ని వారాలు చర్మం పొడిబారుతుంది, పొట్టు లేస్తుంది, కొందరికి మొటిమలు ముందుకన్నా ఎక్కువైనట్టు కూడా కనిపిస్తాయి. సరిగ్గా అప్పుడే భయపడి మానేస్తారు. రోజు విడిచి రోజు రాత్రిపూట మొదలుపెట్టండి, ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత చాలు. ఉన్న మొటిమ మీద మాత్రమే చుక్క పెట్టి వదిలేయకండి. ఆ మందు అసలు పని కొత్త అడ్డులు ఏర్పడకుండా చూడటం, కాబట్టి మొటిమలు వచ్చే చోటంతా పలచగా పూయాలి. మంట, ఎరుపు తట్టుకోలేనంతగా ఉంటే మాత్రం ఆపి డాక్టరుకు చూపించాలి.

"గట్టిది" అనే కోరిక గురించి కూడా ఒక మాట. మొటిమల మీద పూసే ఇంకో మందు బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5, 5, 10 శాతాల్లో దొరుకుతుంది. 2.5 శాతం దాదాపు 10 శాతంతో సమానంగానే మొటిమలను తగ్గిస్తుంది, మంట, పొడిదనం తక్కువ. అయినా చాలామంది చెయ్యి నేరుగా 10 దగ్గరికే వెళ్తుంది. దాని మీద సాలిసిలిక్ ఆసిడ్, ఆ పైన ఇంకేదో సీరమ్. వారానికల్లా ముఖం మండుతుంది, ఆ మంటను మొటిమలనుకుని ఇంకోటి పూస్తారు. ఐదు వస్తువులు ఒకే పెట్టెలో పెట్టి అమ్మితే ఐదూ ఒకేరోజు మొదలుపెట్టాలనిపించడం సహజం. కిట్ తీసేయడానికి ముఖ్యమైన కారణం ఇదే. (బెంజాయిల్ పెరాక్సైడ్ తువ్వాళ్లను, దిండు గలీబులను తెల్లగా మార్చేస్తుంది, రంగు బట్టలు జాగ్రత్త.)

స్క్రబ్ ఆపడానికి కారణం వేరు. మొటిమలు మురికి వల్ల వచ్చేవి కావు. బ్లాక్‌హెడ్ నల్లగా ఉండేది కూడా మురికితో కాదు, రంధ్రంలో ఇరుక్కున్నదానిలోని మెలనిన్, గాలి తగిలి జరిగే మార్పు దాన్ని నల్లబరుస్తాయి. ఎంత రుద్దినా అది పోదు, వాచిన చర్మం మాత్రం ఇంకా వాస్తుంది. రోజుకు రెండుసార్లు, బాగా చెమట పట్టినప్పుడు ఇంకోసారి, చేతివేళ్లతో మెల్లగా కడుక్కుంటే సరిపోతుంది. నిమ్మరసం, టూత్‌పేస్ట్, వంటసోడా ముఖానికి పెట్టకండి, దయచేసి.

జిడ్డు చర్మం కదా అని మాయిశ్చరైజర్ మానేసేవాళ్లూ ఉన్నారు. మందుల వల్ల ఎండిపోయిన చర్మానికి అది లేకపోతే మందునే తట్టుకోలేరు. ఇక్కడ మా లేబుల్ గురించీ చెప్పాలి. మా డబ్బా మీద "నాన్ కొమెడోజెనిక్", అంటే రంధ్రాలను మూయనిది, అని ఉంటుంది. ఆ మాటకు ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత లేదు. ఏ పదార్థం రంధ్రాలను మూస్తుందో చెప్పే పాత పట్టికలు చాలావరకు కుందేలు చెవి మీద చేసిన పరీక్షల నుంచి వచ్చాయి, మనిషి ముఖం అలాగే స్పందించాలని లేదు. ఆ మాట చూసి ఎంచుకోవడం మంచిదే, కానీ దాన్ని హామీగా తీసుకోకండి. మా సరుకు మీకు పడకపోతే పడలేదనే అర్థం.

గిల్లొద్దని అందరూ చెప్పేదే. ఛామనఛాయ, నలుపు చర్మాల మీద మాత్రం దీనికి ఇంకో బాధ ఉంది. మొటిమ వారంలో తగ్గినా దాని నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. గిల్లితే మచ్చ ముదురుతుంది, గుంట పడితే క్రీములతో పూడదు. మచ్చ మీద ఎండ పడితే ఇంకా నల్లబడుతుంది కాబట్టి పగలు ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్ రాయండి.

నన్ను నిజంగా భయపెట్టేది స్టెరాయిడ్ క్రీములు. బీటామెథజోన్, క్లోబెటజాల్, మొమెటజోన్ వంటివి కలిసిన క్రీము పూస్తే ఎరుపు రెండు రోజుల్లో తగ్గుతుంది, ముఖం తెల్లబడినట్టు కూడా ఉంటుంది. అంత త్వరగా గుణం కనిపించడం వల్లే అందరూ నమ్ముతారు, పక్కవాళ్లకూ చెబుతారు. కొన్నాళ్లకు చర్మం పలచబడుతుంది, రక్తనాళాలు ఎర్రగీతల్లా తేలతాయి, స్టెరాయిడ్ వల్లే కొత్త మొటిమలు వస్తాయి, మానేయగానే ముఖం భగ్గుమంటుంది. పేరు తెలియని క్రీము వాడుతుంటే ట్యూబు వెనక ఏముందో చదవండి. పై పేర్లలో ఏదైనా ఉంటే, ఎలా ఆపాలో చర్మవ్యాధుల డాక్టరునే అడగండి. క్లిండమైసిన్ లాంటి యాంటీబయాటిక్ జెల్‌ను ఒంటరిగా నెలల తరబడి వాడటమూ మంచిది కాదు, బ్యాక్టీరియా మొండికేస్తుంది. డాక్టర్లు దాన్ని బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపి ఇచ్చేది అందుకే.

ఇకపై ఆర్డరు తీసుకునే ముందు మేము కొన్ని ప్రశ్నలు అడుగుతాం, ఏమనుకోకండి. ఇప్పటికే ఏమేం పూస్తున్నారు? లోతుగా, నొప్పిగా ఉండే గడ్డలున్నాయా, గుంటలు పడుతున్నాయా? నెలసరి తప్పుతూ, దవడ కింద మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నాయా? నుదుటి మీద, ఛాతీ మీద ఒకే సైజులో చిన్నచిన్నగా దురద పెడుతున్నాయా? ఆ చివరిది మొటిమలు కాకుండా ఫంగస్ కావచ్చు, దానికి మందే వేరు. వీటిలో దేనికి అవునన్నా ముందు డాక్టరును కలవమనే చెబుతాం. గర్భంతో ఉన్నా, ఆ ఆలోచనలో ఉన్నా అడాపలీన్, దాని కోవకే చెందిన ట్రెటినాయిన్ పూయకూడదు. తీవ్రమైన మొటిమలకు డాక్టర్లు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు అసలు ముట్టుకోకూడదు, బిడ్డకు పుట్టుకతో లోపాలు వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ.

ఇలా అడిగితే అమ్మకాలు తగ్గుతాయని మాకు తెలుసు. లెక్క వేసుకునే ఈ నిర్ణయం తీసుకున్నాం.

కిట్‌కు ముందే డబ్బు కట్టినవాళ్లు మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. లేదంటే మూడు వస్తువులు పంపి మిగతా డబ్బు తిరిగిస్తాం, ఏది కావాలో ఆర్డరు నంబరుతో మెసేజ్ పెట్టండి. ఇంట్లో తెరవని స్క్రబ్ డబ్బా ఉన్నా వెనక్కి పంపండి, రవాణా ఖర్చు మాదే.