కాస్టిక్ లైన్ యాక్సిడెంట్, గ్లౌజులు, సేఫ్టీ షవర్ గురించి ఫిర్యాదు

ప్లాంట్ మేనేజర్ గారికి నమస్కారం.

సార్, నేను పరవాడలో మీ ప్లాంట్‌లో 9 ఏళ్లుగా కాంట్రాక్ట్ ఫిట్టర్‌గా చేస్తున్నా. పోయిన నెల నైట్ షిఫ్ట్‌లో కాస్టిక్ లై (నీళ్లలో కలిపిన కాస్టిక్ సోడా) పంపు లైన్‌లో గాస్కెట్, అంటే పైపు జాయింట్‌లో లీక్ కాకుండా పెట్టే వాషర్, మార్చమన్నారు. పర్మిట్‌లో (పని మొదలెట్టే ముందు ఇచ్చే అనుమతి కాగితం) లైన్ డ్రెయిన్ చేశాం, అంటే ఖాళీ చేశాం, పీపీఈ (గ్లౌజుల్లాంటి రక్షణ సామాన్లు) ఓకే అని టిక్కులు, కింద సంతకం, కానీ సంతకం పెట్టినాయన లైన్ దగ్గరికి రానేలేదు. ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే పైపు జాయింట్) తలకంటే ఎత్తులో ఉంది, రెండో బోల్టు లూజ్ చెయ్యగానే లోపల మిగిలిన లై కుడిచేతి మీదకి చిమ్మింది.

మొదట నొప్పే లేదు సార్, సబ్బునీళ్లు పడ్డట్టు జారుడుగా ఉందంతే. యాసిడ్ అయితే వెంటనే మండుద్ది, చెయ్యి లాక్కుంటాం, 48 శాతం కాస్టిక్ అలా కాదు, చర్మంలో కొవ్వుని సబ్బు చేసుకుంటూ లోపలికి దిగిపోద్ది. నాకిచ్చినవి మణికట్టు దాకా ఉండే గ్లౌజులు, చేతులు పైకెత్తి ఉన్నా కదా, మణికట్టు మీద పడ్డ లై చెయ్యి దించగానే గ్లౌజులోకి కారి అక్కడే నిలిచిపోయింది. పరిగెత్తుకెళ్లి, కెమికల్ పడితే ఒళ్లు కడుక్కోవడానికి పెట్టిన సేఫ్టీ షవర్ లాగితే తుప్పునీళ్లు నాలుగు చుక్కలొచ్చి ఆగిపోయినయ్. హెల్పర్ నన్ను క్యాంటీన్ కొళాయి దాకా లాక్కెళ్లి గ్లౌజు తీస్తే వేళ్ల మధ్య చర్మం ఉడికినట్టు తెల్లగా అయిపోయి ఉంది. కళ్లు మిగిలాయంటే నేను సొంత డబ్బుతో కొనుక్కున్న గాగుల్స్ వల్లే.

తొడ మీద చర్మం తీసి చేతికి వేశారు. మీ రిజిస్టర్‌లో మాత్రం 'ఫస్ట్ ఎయిడ్ కేసు' అని రాశారు! ఈఎస్ఐకి (కార్మికుల ప్రభుత్వ బీమా) యాక్సిడెంట్ రిపోర్ట్ పంపలేదు, దానివల్ల పనికి రాలేని రోజులకి నాకు రావాల్సిన 90 శాతం జీతం డబ్బులు ఆగిపోయాయి, అడిగితే కాంట్రాక్టర్ మీ పేరు చెప్తాడు, మీ ఆఫీసోళ్లు కాంట్రాక్టర్ని అడగమంటారు.

ఆ రిజిస్టర్ సరిచేసి రిపోర్ట్ వెంటనే పంపండి. కాస్టిక్ పని చేసే ప్రతి ఒక్కరికీ, పర్మినెంటా కాంట్రాక్టా అని చూడకుండా, మోచేతి దాకా వచ్చే నియోప్రీన్ రబ్బరు గ్లౌజులు, ఫేస్ షీల్డ్, పీవీసీ సూట్ ఇవ్వండి. షవర్‌లో కనీసం 15 నిమిషాలు ఆగకుండా నీళ్లు రావాలి, రోజూ షిఫ్ట్ మొదట్లో ఎవరో ఒకరు తిప్పి చూడాలి. పర్మిట్ మీద సంతకం పెట్టేవాళ్లు ముందు లైన్ దగ్గరికొచ్చి డ్రెయిన్ వాల్వ్ తెరిచి చూపించాలి.

వచ్చే వారం అదే లైన్‌లో ఇంకో ఫ్లాంజ్ విప్పుతారంట, నా బదులు మా హెల్పర్‌ని ఎక్కిస్తారంట. వాడికి 22 ఏళ్లు సార్. ఈ లోపే నాకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి, ఎడమచేత్తో ఒక్కో అక్షరం కొడుతూ రాస్తున్నా.

ఇట్లు,
మెకానికల్ మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ ఫిట్టర్