మా పిల్లవాడి చేయి వదలని అందరికీ కృతజ్ఞతలు

మా తమ్ముడి కుమారుడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. గడచిన చలికాలంలో వాడు తీవ్రమైన కుంగుబాటుకు లోనై, ఇక బతకాలని లేదనుకునే స్థితి వరకు వెళ్లి, ఇప్పుడు చికిత్సతో కోలుకుంటున్నాడు. వాడు చదివి సరేనన్న తరువాతనే ఈ నాలుగు మాటలు అందరి ముందు పెడుతున్నాను. పేర్లు ఏవీ రాయవద్దని వాడు కోరాడు గనుక రాయడం లేదు. అయినా వరంగల్, నర్సంపేట వైపు ఉన్న మా బంధుమిత్రులలో సాయపడినవారు ఎవరికి వారు తమను గుర్తుపట్టగలరు.

మొదటి నమస్కారం వాడి స్నేహితుడికి. వాడూ పదహారు, పదిహేడేళ్ల పిల్లవాడే. రాత్రిపూట ఫోనులో వచ్చిన ఒక సందేశం చూసి, "ఎవరికీ చెప్పవద్దు" అని తన చేత వేయించుకున్న ఒట్టును పక్కన పెట్టి, వెంటనే భౌతికశాస్త్రం అధ్యాపకుడికి ఫోను చేశాడు. ఆ వయసులో స్నేహం పోతుందేమోనన్న భయం ఎంత పెద్దదో మనందరం ఎరిగినదే. మావాడు కొంతకాలం అతనితో మాట్లాడలేదు కూడా. ఇప్పుడు ఇద్దరూ ఒకే బండి మీద ట్యూషనుకు వెళుతున్నారు.

ఆ అధ్యాపకుడు ఫోనులోనే విషయం మా తమ్ముడి చెవిన వేసి ఊరుకుని ఉంటే ఆయన్ను తప్పుపట్టేవారు ఎవరూ ఉండరు. ఆయన హనుమకొండ నుంచి ఆ చలిలో బండి మీద మా ఊరికి వచ్చారు. మందలించడం గాని, మార్కుల ఊసెత్తడం గాని చేయకుండా వాడి పక్కన కూర్చున్నారు. తరువాత మాతో, "ఇది మనం నచ్చజెప్పితే తీరేది కాదు, తెలిసినవారితో మాట్లాడదాం" అని 14416కు ఫోను కలిపారు. అంతకుముందు వాడున్న ఒక హాస్టలులో ఇవే లక్షణాలను చదువు ఎగ్గొట్టడానికి వేసే వేషాలని కొట్టిపారేశారు. నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, ఎంతో ఇష్టంగా ఆడే కబడ్డీకి కూడా పోకపోవడం వేషాలెలా అవుతాయో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ ఫోను గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా బంధువులలో చాలామందికి అటువంటిది ఒకటి ఉన్నదనే తెలియదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు ప్రారంభించిన టెలి మానస్ సేవ అది. 14416 కలవకపోతే 1800 891 4416 ఉన్నది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ముందుగా శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడి, అవసరమని తోస్తే పై స్థాయిలోని మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి దారి చూపుతారు.

ఆ రాత్రి మాట్లాడిన అమ్మాయి గొంతును బట్టి వయసులో చిన్నదే అనిపించింది. కానీ ఆమె అడిగిన తీరు పెద్దది. "చనిపోవాలని అనిపిస్తున్నదా, ఎలా చేయాలన్నది కూడా ఆలోచించావా" అని వాడిని సూటిగా అడిగింది. పక్కన ఉన్న మా మరదలు ఆ మాటకు ఉలిక్కిపడింది. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనన్నది ఇళ్లలో అందరికీ ఉండే భయమేనని, నిజానికి అడిగినందువల్ల ఆలోచన పుట్టదని, మనసులో ఉన్నది బయటపెట్టడానికి పిల్లలకు దారి దొరుకుతుందని ఆమె తరువాత ఓపికగా చెప్పింది. మేము చూసినదీ అదే: తల్లిదండ్రులకు చెప్పనిది వాడు ఆమెకు చెప్పాడు. ఆపై తండ్రితో మాట్లాడి, రాత్రంతా వాడిని ఒంటరిగా వదలవద్దని, ఇంట్లో ఉన్న పురుగుల మందులూ మాత్రలూ వెంటనే వాడికి అందని చోటికి చేర్చాలని, పరిస్థితి చేయి దాటితే 108కు ఫోను చేసి అత్యవసర విభాగానికి తీసుకుపోవాలని, ఏమీ కాకపోయినా తెల్లవారగానే వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలని ఒక్కొక్కటిగా చెప్పి, తిరిగి మా చేత చెప్పించుకున్నది. తరువాత వాళ్లే ఫోను చేసి ఆసుపత్రికి వెళ్లారా, ఏమన్నారని వాకబు చేశారు. ఆమె ఎవరో మాకు తెలియదు. ఈ కృతజ్ఞత ఆమెకు ఎలాగైనా చేరాలని నా కోరిక.

పత్తి పండించే ఇల్లు గనుక మందు డబ్బాలు వసారాలోనే ఉంటాయి. పొరుగున ఉన్న రైతు, వయసులో నాకంటే పెద్దవాడు, కారణం అడగకుండానే వాటన్నిటినీ అర్ధరాత్రి తన బావి దగ్గరి కొట్టంలోకి చేరవేసి తాళం వేసుకున్నాడు. ఇప్పటికీ పిచికారీ చేసే రోజున మా తమ్ముడు వెళ్లి కావలసినంతే తెచ్చుకుంటాడు. మందు చేతికి అందకుండా చేయడమే ప్రాణం కాపాడే పనులలో ముఖ్యమైనదని డాక్టరుగారు తరువాత చెప్పినప్పుడు, ఆ పెద్దమనిషి చేసిన మేలు ఎంతటిదో మాకు పూర్తిగా తెలిసింది.

ఎంజీఎం సైకియాట్రీ ఓపీలో రద్దీ రద్దీగానే ఉన్నది. చీటీ కోసం వరుసలో నిలబడక తప్పలేదు. కానీ ఫోనులో చెప్పిన విషయం వినగానే అక్కడి నర్సమ్మ మమ్మల్ని ముందుకు పంపింది. డాక్టరుగారు మొదట వాడితో ఒంటరిగా మాట్లాడారు. అంతకంటే ముందు వాడికి ఒక మాట చెప్పారట: "నువ్వు చెప్పేది నీ ఇంట్లోవాళ్లకు చెప్పను, నీ ప్రాణానికి ముప్పు ఉన్న విషయం ఒక్కటి తప్ప." ఆ ఒక్క షరతు ముందే చెప్పినందుకే ఆయన మీద నమ్మకం కలిగిందని మావాడు అంటాడు. మాత్రలు రాస్తూ, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదటి వారాలలోనే మరింత కనిపెట్టి ఉండాలని, బాగైందని మనంతట మనం మానేయరాదని మా తమ్ముడికి రాసి ఇచ్చారు. వాడి చేతనే ఒక కాగితం మీద, మనసు మళ్లీ చీకటి పడుతున్నదనడానికి గుర్తులేమిటి, అప్పుడు తాను చేయగలిగినవి ఏమిటి, ఎవరికి ఫోను చేయాలి అన్నవి రాయించారు. ఆ కాగితంలో మొదటి పేరు స్నేహితుడిది, రెండవది నాది. తండ్రిది నాలుగవది, మా తమ్ముడు దాన్ని చూసి నొచ్చుకోలేదు, అది నాకు గొప్పగా తోచింది.

బంధువులలో కొందరు పోలీసు కేసు అవుతుందని, వార్డులో పెద్దవాళ్ల మధ్య పడేస్తారని భయపెట్టారు. ఆసుపత్రిలోని సామాజిక కార్యకర్త ఆ రెండు భయాలనూ తీర్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, 18 ఏళ్ల లోపు పిల్లలను ఇతర మార్గం లేనప్పుడే చేర్చుకుంటారని, చేర్చుకున్నా పెద్దవాళ్లతో కలపకుండా వేరుగా ఉంచుతారని, ఇంటి మనిషి ఒకరు వెంట ఉండాలని వివరించింది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను, 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో లేదని కూడా ఆమె ద్వారానే తెలిసింది. మావాడిని చేర్చవలసిన అవసరం రాలేదు. ఇంటి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో మాత్రలు, నెలకోసారి ఎంజీఎంలో పరీక్ష, మధ్యలో కౌన్సెలింగు: ఇలా సాగుతున్నది.

మా ఊరి ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎం అమ్మకు కూడా దండాలు. గాలి సోకిందనీ, ఫలానా చోట చూపించాలనీ వాడకట్టులో మాటలు మొదలైనప్పుడు వారిద్దరూ ఎవరితోనూ గొడవ పడకుండా, "జ్వరానికి మందు వేసుకున్నట్టే ఇది కూడా" అని ఇంటింటా చెప్పి ఆ మాటలను అక్కడికక్కడే ఆపేశారు. సద్దుల బతుకమ్మ నుంచి సంక్రాంతి దాకా ఎవరింట ఏమి జరిగినా చెప్పుకునే మా వాడలో అది తేలికైన పని కాదు.

కళాశాలల యాజమాన్యాలకు ఒక విన్నపం. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాలలో, టెలి మానస్ వంటి సహాయ నంబర్లను తరగతి గదులలోనూ హాస్టళ్లలోనూ అందరికీ కనిపించేలా పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలని ఉన్నది. ర్యాంకుల ఫ్లెక్సీలకు దొరికే గోడ దీనికీ దొరకాలి. పిల్లల విషయంలో ఏ ఆపద వచ్చినా 1098 కూడా ఉన్నదని దాని పక్కనే రాయవచ్చు.

మా ఊరివారికి, చుట్టుపక్కల గ్రామాలవారికి నా ఇల్లు తెలుసు. పిల్లవాడినో, పిల్లనో ఎంజీఎంకు తీసుకుపోవడానికి ఒంటరిగా జంకుతున్నవారు ఏ వేళనైనా తలుపు తట్టవచ్చు. ఓపీ చీటీ ఎక్కడ ఇస్తారో, ఏ గదికి వెళ్లాలో ఇప్పుడు నాకు తెలుసు గనుక వెంట వస్తాను.