ఆ 11 బండ్లలో పైపు మారుస్తున్నాం, డబ్బులు తీసుకోం

నమస్తే. బాలానగర్‌లో మా షెడ్డుకి పాత టర్బో బండ్లు తెచ్చే మీ అందరికీ ఒక సంగతి చెప్పాలి. గత రెండేళ్లలో మా దగ్గర పెద్ద ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు (ఇంజన్లోకి పెట్రోల్ చిమ్మేవి) వేయించుకున్నవాళ్లు ముఖ్యంగా చదవండి. మా వల్ల ఒక తప్పు జరిగింది, పెట్రోల్ ట్యాంకు లోపల వేయకూడని రబ్బరు పైపు వేశాం. బయటివాళ్ల నోట వినేలోపు మేమే చెప్పడం మర్యాద.

మణికొండ నుంచి వచ్చే ఒక అన్నకి మొదటి తరం స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ ఉంది. 1.8 లీటర్ టర్బో, కంపెనీ ఇచ్చింది 150 హార్స్‌పవర్. దాన్ని 200 దాకా తెచ్చాం. లెక్క బాగానే వేశాం. 200 హార్స్‌పవర్ తీసే టర్బో ఇంజను ఫుల్లుగా తొక్కితే గంటకి 73 లీటర్ల దాకా తాగుతుంది. నాలుగు ఇంజెక్టర్లకీ పంచి, ఒక్కోటి 80 శాతం కంటే ఎక్కువసేపు తెరుచుకుని ఉండకూడదనుకుంటే నిమిషానికి 380 సీసీవి కావాలి. పంపు గంటకి 255 లీటర్లది. కాగితం మీద ఢోకా లేదు.

నాలుగు నెలలకి అన్న మళ్లీ వచ్చాడు. 5000 ఆర్‌పీఎం దాటితే పికప్ చచ్చిపోతోందన్నాడు. ఐడ్లింగ్ చూస్తే నున్నగా ఉంది. ట్రాఫిక్‌లో ఏ ఇబ్బందీ లేదు. నేను వెంటనే నేరం పెట్రోల్ మీదకి తోసేశాను. ఈ రోజుల్లో అది చాలా సులువు కదా, బంకులన్నిట్లో 20 శాతం ఎథనాల్ వచ్చాక ఏం జరిగినా దాన్నే తిడుతున్నారు. కొంత నిజం లేకపోలేదు. మామూలు పెట్రోల్‌కి బరువులో 14.7 రెట్ల గాలి కావాలి, 20 శాతం ఎథనాల్ కలిస్తే సుమారు 13.5 రెట్లు చాలు. అంటే అదే గాలికి ఇంధనం ఇంకాస్త ఎక్కువ పోయాలి. దాన్నిబట్టి ట్యూనింగ్ సరిచేశాను. లాభం లేదు. పంపు నకిలీదేమోనని (మార్కెట్లో బోలెడు ఉన్నాయి) కొత్తది వేశాను. అదీ అంతే. అన్న రెండుసార్లు సెలవు పెట్టి వచ్చాడు, ఒక్క మాట అనలేదు. అది ఇంకా సిగ్గనిపించింది.

చివరికి ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టానికి (ఫ్యూయల్ రైలు) ప్రెషర్ గేజు పెట్టి, దాన్ని అద్దం ముందుకి లాగి టేపు వేసి నడిపాం. ఈ బండిలో బూస్ట్, అంటే టర్బో ఇంజన్లోకి తోసే గాలి ఒత్తిడి, ఎంత పెరిగితే రైలు ప్రెషర్ అంత పెరగాలి. మామూలు 3 బార్‌కి (బార్ అంటే ఒత్తిడి కొలత) 0.8 బార్ బూస్ట్ కలిపితే 3.8 చూపించాలి. చూపించింది 2.9. పంపు తోస్తున్న పెట్రోల్ దారిలోనే ఎక్కడో పోతోంది, కానీ బండి కింద ఒక్క చుక్క లేదు, వాసన లేదు.

వెనక సీటు ఎత్తి పంపు బయటికి తీస్తే తెలిసింది. పంపు నుంచి పై మూతకి వెళ్లే జానెడు రబ్బరు పైపు నానబెట్టిన శనగలా ఉబ్బి, క్లాంపు దగ్గర చీలింది. ట్యాంకు లోపలే లీకవుతుంటే బయటికి ఎలా తెలుస్తుంది? ఐడ్లింగ్‌లో చీలిక మూసుకునే ఉంటుంది, ప్రెషర్ పెరిగితే విచ్చుకుంటుంది.

ఆ పైపు వేసింది మేమే. దాని మీద 30ఆర్9 అని అచ్చు ఉంది. ఇంజెక్షన్ బండ్లకి మంచి పైపే, చవకదీ కాదు. కానీ దాని లోపలి పొరే పెట్రోల్‌ని తట్టుకుంటుంది, బయటి పొర ఎండకీ ధూళికీ చేసింది. ఎప్పుడూ పెట్రోల్‌లో మునిగి ఉండే చోట 30ఆర్10 అని ఉన్నదే వేయాలి. ఇది నాకు తెలిసుండాల్సింది. రాణిగంజ్‌లో ఆ రోజు దొరికింది తెచ్చి బిగించేశాను.

ఇది వట్టి పికప్ గొడవ కాదు. బూస్ట్‌లో ఉన్నప్పుడు పెట్రోల్ తగ్గితే నాక్ కొడుతుంది (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజను టకటకమంటుంది), అలాగే తొక్కితే పిస్టన్ కరుగుతుంది. ఆ అన్న బండి లీన్ అయిందని, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందట్లేదని, సెన్సారు ముందే చెప్పబట్టి ఇంజను దక్కింది.

అందుకే ఆ పైపు వేసిన 11 బండ్లనీ వెనక్కి పిలుస్తున్నాం. ఏడు ఆక్టేవియాలు, మిగతావి టర్బో పెట్టించిన హోండా సిటీ వీటెక్‌లు, మిత్సుబిషి సెడియాలు. పైపు, క్లాంపులు, మూత రింగు, ఫిల్టర్, లేబర్ మా ఖర్చే. మేమే ఫోన్ చేస్తాం. అప్పటిదాకా బండి నడపండి, కానీ బూస్ట్‌లోకి తీసుకెళ్లకండి. ఔటర్ రింగ్ రోడ్డు ఖాళీగా కనిపించినా సరే.

పనిలో పనిగా పంపు దగ్గర వోల్టేజీ కూడా చూస్తాం. ఆక్టేవియాలో బ్యాటరీ దగ్గర 14 ఉంటే పంపు దగ్గర 11.4 వచ్చింది. ఇరవై ఏళ్ల నాటి సన్నటి వైరు పెద్ద పంపుకి సరిపోదు, వోల్టు తగ్గితే పంపు తోసేదీ తగ్గుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లావు వైరు, వేరే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) వేశాక 13.6కి వచ్చింది. ఈ వైరింగ్ మాత్రం ఉచితంగా చేయలేను, సామాను ఖర్చు మీది. ఎవరైనా రిలేని నేరుగా ఇగ్నిషన్ స్విచ్‌కి కలుపుతానంటే వద్దనండి. యాక్సిడెంట్ అయి ఇంజను ఆగినా పంపు పెట్రోల్ చిమ్ముతూనే ఉంటుంది. ఇంజనుని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) చెబితేనే రిలే పడాలి.

కొత్తగా వచ్చేవాళ్లకి రేటు 4,500 పెరుగుతోంది. సరైన పైపు, వైరింగ్, గేజు పెట్టి రోడ్డు మీద చూడటం అందులోనే. ఇంజెక్టర్లు మాత్రం వేయండి, మిగతావి తర్వాత అంటే ఇక చేయం.

వచ్చే రోజు ట్యాంకులో పావు వంతు ఉంచుకుని రండి. పంపుని చల్లబరిచేది పెట్రోలే కాబట్టి ఎండల్లో అంతకన్నా ఎండగట్టకండి. నిండుగా కూడా వద్దు. మొన్న ఒకాయన దారిలో ఫుల్ ట్యాంకు కొట్టించుకుని వచ్చారు, డబ్బాల్లోకి తోడటానికే గంట పట్టింది.