నావూ ఆడవాళ్ల వారానికో సెంటు

ప్రియమైన రమణా,

ఇల్లూ వాకిలీ సరిగ్గా లేనివాళ్లు గుళ్లెలా కట్టారు, సముద్రం అవతలి నుంచి తమవాళ్లనెలా తెచ్చుకున్నారు అని తొలినాటి మార్మన్ల గురించి, అంటే 1830లో అమెరికాలో పుట్టిన ఓ మతశాఖ వాళ్ల గురించి, అడిగావు కదా, తీరిగ్గా రాస్తున్నాను.

చేతిలో డబ్బాడని మనుషులు వాళ్లు. మార్టిన్ హారిస్‌లా పొలం తాకట్టుపెట్టి, వాళ్ల పవిత్ర గ్రంథం 'బుక్ ఆఫ్ మార్మన్' 5,000 ప్రతుల అచ్చుకు 3,000 డాలర్ల పూచీ పడగలిగినవాళ్లు కొద్దిమందే. పుస్తకాలు అనుకున్నట్టు అమ్ముడుపోక ఆయన 1831లో 151 ఎకరాలు అమ్ముకున్నాడు. అదే ఏడాది ఇంకో పద్ధతి పెట్టారు: ఉన్నదంతా బిషప్ ఎడ్వర్డ్ పార్ట్రిడ్జ్ పేర రాసిచ్చి, కుటుంబానికి సరిపడా తిరిగి తీసుకోవడం. మనసు గొప్పదే, కాగితం కుదరలేదు. తిరిగిచ్చింది మొదట్లో కౌలులాంటిది, సంఘం వదిలితే పొలం దక్కదు. ఒకాయన కోర్టుకెక్కి తానిచ్చిన 50 డాలర్లు రాబట్టుకున్నాడు. 1833లో ఎవరి వాటా వాళ్ల పేరే రాయమన్నారు. ఆ ఏడే మిస్సోరిలో అల్లరిమూకలు వాళ్లని జాక్సన్ కౌంటీ నుంచి తరిమేశాయి.

నాకు మనసుకు హత్తుకునేది ఇల్లినాయి రాష్ట్రంలోని నావూ. అక్కడ 1841లో మందిరం మొదలుపెట్టి ఊరిని పది వార్డులు చేశారు. పది రోజులకోసారి ఒక్కో వార్డు మగవాళ్ల వంతు. అందరూ ఒకేరోజు వచ్చిపడకుండా రోజూ కొన్ని చేతులు పనిలో ఉండేవి. దశమభాగం (రాబడిలో పదోవంతు కానుక) కింద కోళ్లు, గుడ్లు, కుర్చీలు, గడియారాలు, తుపాకులు వచ్చేవి. ప్రతిదానికీ గుమస్తా విలువ కట్టి ఖాతాలో ఎక్కించాలి, వాటిలోంచే పనివాళ్లకు ఇవ్వాలి. మేస్త్రీకి పిండి కావాలి, కొట్లో గడియారం ఉందనుకో, చిక్కే. అద్దాలకీ మేకులకీ అయితే రొక్కమే కావాలి. అప్పుడు, 1843 చివర్లో, మేరీ ఫీల్డింగ్ స్మిత్, ఆమె చెల్లెలు మెర్సీ ఫీల్డింగ్ థాంప్సన్ ప్రతి ఆడమనిషినీ వారానికి ఒక్క సెంటు ఇమ్మన్నారు. మన సంఘాల్లో ఆడవాళ్లు వంటకి ముందు తీసిపెట్టే పిడికెడు బియ్యం చూడు, సరిగ్గా అదే. ఏడాదంతా ఇచ్చినా ఒక్కరిది 52 సెంట్లు. ఇంగ్లండు నుంచి కూడా పంపారు. చివరికి సుమారు వెయ్యి డాలర్లు, అంటే లక్ష సెంట్లు!

ఇక 1856 సంగతి. అప్పటికి మార్మన్లు నావూ వదిలి పడమట యూటాలోని సాల్ట్ లేక్‌కి చేరారు. సముద్రం దాటి వచ్చే తమవాళ్లకి బండ్లూ ఎడ్లూ కొనే డబ్బులేక, చేతులతో లాగే చెక్కబండ్లతో మైదానాలు దాటించి అక్కడికి తేవాలనుకున్నారు. పెద్దవాళ్లకు తలా 17 పౌన్ల సామాను, రోజుకి పౌను పిండి. విల్లీ, మార్టిన్ అనేవాళ్లు నడిపించిన రెండు దళాలకి బండ్లు సిద్ధంగా లేవు. హడావిడిగా పచ్చికర్రతో చేసినవి దారిలో ఎండి బీటలిచ్చాయి, ఇరుసులు ఇసుకకి అరిగిపోయాయి. ఆగస్టు సగం దాటాక నెబ్రాస్కాలోని ఫ్లోరెన్స్ నుంచి కదిలారు. ఆలస్యమైందని విల్లీ దళంలోని లీవై సావేజ్ హెచ్చరించాడు, వినలేదు. భక్తి ఎంతున్నా లెక్క తప్పితే మనుషులు చస్తారురా, ఆ నాయకుల్ని నేను క్షమించలేను. దారిలో డియర్ క్రీక్ అనే వాగు దగ్గర బరువు తగ్గించాలని మార్టిన్ దళంలో పెద్దవాళ్లకి తలా 10 పౌన్లే ఉంచి, దుప్పట్లూ కోట్లూ తగలబెట్టించారు. రెండ్రోజులకే, అక్టోబరు 19న, ప్లాట్ నది దాటుతుంటే మంచు తుపాను. రెండు దళాల్లో కలిపి 200 మందికి పైగా పోయారు.

ఈ కబురు అందకముందే, ఇంకా జనం దారిలో ఉన్నారని తెలిసిన మర్నాడే, అక్టోబరు 5న సాల్ట్ లేక్‌లో సంఘం అధిపతి బ్రిగమ్ యంగ్ సభలో అడిగిన తీరు చూడు: 60 జతల మంచి కంచరగాడిదలు లేదా గుర్రాలు, 12, 15 బండ్లు, 12 టన్నుల పిండి, 40 మంది బండి తోలేవాళ్లు. ఎడ్లు వద్దన్నాడు, అవి నెమ్మది. ఆడవాళ్లు అక్కడికక్కడే లోపావడాలూ మేజోళ్లూ విప్పి బండ్లలో వేశారు. ముందటేడు మిడతలు పంట తిన్నాయి, చలికి పశువులు చచ్చాయి. తమకే తిండి కరువైన జనం ఇచ్చింది అది. 7వ తేదీకే మొదటి బండ్లు బయల్దేరాయి. మంచు చూసి ఎవరూ బతికుండరనుకుని కొందరు మధ్యలో వెనక్కి తిరిగితే, యంగ్ మనుషుల్ని పంపి మళ్లీ మళ్లించాడు.

వీళ్లలో చాలామంది 1849లో పెట్టిన వలస నిధి అప్పుతో వచ్చినవాళ్లే. వచ్చాక పనిచేసి తీర్చాలి, ఆ సొమ్ముతో తర్వాతివాళ్లు రావాలి. బాకీలు సరిగ్గా వసూలు కాక నిధి ఎప్పుడూ నీరసంగానే నడిచింది. 1880లో సంఘానికి 50 ఏళ్లు నిండినప్పుడు పేదల బాకీ 8 లక్షల డాలర్ల పైచిలుకు కొట్టేసి, 1,000 ఆవులూ 5,000 గొర్రెలూ పంచారు. తీర్చగలిగినవాళ్ల బాకీ మాత్రం వదల్లేదు, అది న్యాయమే అంటాను.

చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
శేఖర్