జ్వరం తగ్గినా మహిమే, పెరిగినా మహిమేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో, జపాన్‌లో చేయెత్తి వెలుగు ప్రసరింపజేసి రోగాలు పోగొడతామనే వాళ్ళ గురించి మీరు వేసిన కథనం చదివాను. ఫోటోలు బాగున్నాయి, రాసినవారు శ్రద్ధగానే రాశారు, కానీ అసలు సంగతి దగ్గరికొచ్చేసరికి పక్కకు తప్పుకున్నారు. నొప్పి పోయిందన్న వాళ్ళ మాటలు నాలుగు వేసి, నమ్మేవాళ్ళకు ఇదొక వరం అని ముగించేస్తే ఎలాగండీ? నేను చాలా ఏళ్ళుగా నగోయాలో ఉంటున్నాను. మా పక్కింటావిడ అలా చేయెత్తి శుద్ధి చేసే మహికారి అనే మతంలో సభ్యురాలు, చాలా మంచి మనిషి, నాకు ఒంట్లో బాగోలేదంటే ముందు తలుపు తట్టేది ఆవిడే. కాబట్టి ఎవరి మీదా కోపంతో రాస్తున్నది కాదిది. స్థలం చాలకపోతే ఎక్కడైనా కోయండి గానీ జ్వరం గురించి రాసిన భాగం మాత్రం ఉంచండి.

ముందు చిన్న సవరణ. మీ కథనంలో మహికారినీ, చేతులతోనే చికిత్స చేసే రేకి పద్ధతినీ ఒకే గాటన కట్టేశారు. రేకి 1922లో ఉసుయి మికావో మొదలుపెట్టింది, దాని దారి వేరు. మహికారి మూలం వెతకాలంటే ఇంకా వెనక్కి, క్యోటో ప్రాంతంలోని అయాబే అనే ఊరికి వెళ్ళాలి. అక్కడ 1892లో దెగుచి నావో అనే నిరుపేద వితంతువుకు పూనకం వచ్చి దేవుడి మాటలు చెప్పడం మొదలుపెట్టింది, అలా పుట్టింది ‘ఓమోతో’ అనే కొత్త మతం. అప్పటి ప్రభుత్వానికి అది కంట్లో నలుసైంది, 1921లో ఒకసారి దాడి చేసింది, 1935లో రెండోసారి చేసినప్పుడైతే మందిరాలను డైనమైట్ పెట్టి పేల్చేసింది. ఆ ఓమోతోలోంచి బయటికొచ్చినవాడే ఒకాదా మోకిచి. టోక్యోలో అసాకుసా వాడు, చిన్నప్పటి నుంచీ జబ్బుల మనిషి, చేస్తున్న వ్యాపారం 1923 భూకంపంలో దెబ్బతింది. 1935లో సొంత సంస్థ పెట్టాడు, అదే తర్వాత సెకాయ్ క్యూసేయ్ క్యో అయింది. వాళ్ళు చేసే చేతి శుద్ధిని జోరేయ్ అంటారు, రసాయన ఎరువులు లేని సేద్యం కూడా వాళ్ళ ఉపదేశంలో భాగమే. ఆయనకు కళాఖండాలంటే ప్రాణం, ఆతమిలో ఉన్న ఎంఓఏ మ్యూజియం ఆ సేకరణ మీద నిలబడిందే. ఒగాతా కోరిన్ గీసిన ఎర్ర, తెల్ల ప్లమ్ పూల తెరలు చూడ్డానికి అక్కడికి వెళ్ళే జనంలో చాలామందికి దాని వెనక ఒక మతం ఉందన్న సంగతే తట్టదు.

మహికారి పెట్టింది మాత్రం ఇంకో ఒకాదా. ఇద్దరికీ చుట్టరికం లేదు. ఈయన ఒకాదా కోతామా, 1901లో పుట్టాడు, సైన్యంలో అధికారిగా చేశాడు, యుద్ధకాలపు బాంబుదాడుల్లో ఫ్యాక్టరీలు పోయి అప్పులు మిగిలాయని సంస్థ వాళ్ళే చెబుతారు. కొన్నాళ్ళు మోకిచి సంస్థలో ఉన్నాడు. 1959 ఫిబ్రవరి 27న తనకు దైవవాణి వినిపించిందన్నాడు, లోకాన్ని శుద్ధి చేయడానికి చేయెత్తమని ఆజ్ఞ అయిందన్నాడు. 1974లో ఆయన పోగానే వారసత్వం ఎవరిదన్న గొడవ లేచి కోర్టుల దాకా వెళ్ళింది, చివరికి ఆయన దత్తపుత్రిక కేయ్‌షు 1978లో సూక్యో మహికారి అని విడిగా పెట్టుకుంది. వాళ్ళ ప్రధాన మందిరం గిఫు రాష్ట్రంలో తకయామాలో ఉంది, 1984లో పూర్తయింది, బంగారు రంగు పైకప్పు, ఊళ్ళోకి అడుగుపెడుతుంటేనే కళ్ళకు కొడుతుంది. రెండో వర్గం ఇజు కొండల్లో ఇంకో పెద్ద మందిరం కట్టుకుంది. లోకమంతా ఒక్కటి కావాలని బోధించిన గురువు పోగానే శిష్యులు ఆస్తికోసం కోర్టుకెక్కడం ఎక్కడ చూసినా ఉన్నదే, దాన్ని పట్టుకుని ఎద్దేవా చేయను.

శుద్ధి అనేది జపాన్‌లో ఎవరూ కొత్తగా కనిపెట్టింది కాదు. ఇక్కడి సంప్రదాయ మతమైన షింతో గుడికి వెళ్తే వాకిట్లో నీళ్ళతొట్టి దగ్గర చేతులు కడిగి నోరు పుక్కిలించాలి. జూన్ నెలాఖరున, డిసెంబర్ 31న ఓహరాయె అని ఆరు నెలల మైల ఒక్కసారి వదిలించుకునే పూజ చేస్తారు, కాగితంతో మనిషి ఆకారం కత్తిరించి దాంతో ఒళ్ళు తుడుచుకుని, ఊపిరి ఊది గుడికి ఇచ్చేస్తారు. సుమో మల్లయోధుడు బరిలోకి ఉప్పు విసిరేది కూడా అందుకే. వీటన్నింటిలో మైల పైపైన అంటుకునేది, కడిగేస్తే పోయేది. ఈ కొత్త మతాలు చేసిన పని ఏమిటంటే ఆ మైలను ఒంటి లోపలికి, రక్తంలోకి, మూత్రపిండాల్లోకి, పోయిన తాతముత్తాతల కర్మలోకి తోసుకెళ్ళాయి. అప్పుడిక రోగం కూడా మైల లెక్కలోకే వస్తుంది.

పక్కింటావిడ ఒకసారి తమ దోజోకి రమ్మంటే వెళ్ళాను. దోజో అంటే వాళ్ళ ప్రార్థనాస్థలం, తాతామీ అనే గడ్డిచాపలు పరిచిన పెద్ద గది, జనం ఇద్దరిద్దరుగా ఎదురెదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. నాకు ఒకావిడను చూపించారు, డెబ్భై దాటి ఉంటుంది. ఇద్దరం వంగి నమస్కరించుకున్నాక ఆవిడ చప్పట్లు కొట్టి అమాత్సు నోరిగోతో అనే ప్రార్థన గట్టిగా చదివింది, గొంతు ఖంగుమంటోంది. కళ్ళు మూసుకుని చేతులు జోడించమంది. నా నొసటికి జానెడు దూరంలో అరచేయి పెట్టి పది నిమిషాలు కదలకుండా ఉంచింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి కూర్చోమని మెడ వెనక, ఆ కింద మూత్రపిండాల దగ్గర వేళ్ళతో మెల్లగా నొక్కి చూసి, ఇక్కడ గట్టిగా ఉంది, విషం పేరుకుంది అంటూ అటువైపు చేయి పెట్టింది. నా పక్కన ఉన్న కుర్రాడి చేతులు కొంచెంగా ఊగడం మొదలైతే ఎదురుగా కూర్చున్నతను ఏమాత్రం కంగారుపడకుండా, అతన్ని పట్టిన ఆత్మతో మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా ఏవో ప్రశ్నలడిగాడు. చివర్లో ఓషిజుమారి అని మూడుసార్లు అన్నారు, అంటే శాంతించమని. కుర్రాడు కళ్ళు తెరిచి మామూలుగా కూర్చున్నాడు.

బాగుందా అంటే, బాగానే ఉందండీ. అబద్ధం చెప్పను. నాకు వెలుగూ కనపడలేదు, వేడీ తగల్లేదు, కానీ ఒక మనిషి ఫోన్ ముట్టకుండా, గడియారం వైపు చూడకుండా అంతసేపు నా ఒక్కదాని కోసం కూర్చోవడమనేది నాకు చాలాకాలం తర్వాత జరిగింది. జపాన్ ఆసుపత్రుల గురించి ఇక్కడి వాళ్ళే ఒక మాట అంటారు, మూడు గంటలు పడిగాపులు, మూడు నిమిషాలు పరీక్ష అని. వైద్యం అందక ఇటు వస్తున్నారనుకుంటే పొరపాటే, అందరికీ ఆరోగ్య బీమా ఉంది, పెద్దవాళ్ళు చాలామంది జేబులోంచి కట్టేది ఖర్చులో 30 శాతమే. కరువైనది పలకరింపు. అదీ కాక ఇంకో ఆకర్షణ ఉంది, దాని గురించి మీ కథనంలో ఒక్క ముక్క లేదు. ఇక్కడ శుద్ధి చేసేది పూజారి కాదు. మూడు రోజుల ప్రాథమిక శిక్షణ పూర్తి చేసి, మెడలో ఓమితామా అనే పతకం వేసుకుంటే ఎవరైనా చేయవచ్చు. పొద్దున్నుంచీ ఇంటిచాకిరీతో గడిచిపోయే మనిషి, పెన్షన్ తీసుకుని ఎవరికీ అక్కర్లేదనుకుంటున్న మనిషి మూడు రోజుల్లో ఇంకొకరికి మేలు చేయగలిగినవారైపోతున్నారు. పక్కింటావిడ ముఖంలో ఆ వెలుగు నేను చూశాను, అది మాత్రం నిజం.

ఇక జ్వరం సంగతి.

వాళ్ళ సిద్ధాంతంలో జ్వరం, జలుబు, విరేచనాలు, చర్మం మీద దద్దుర్లు ఇవేవీ రోగాలు కావు. ఒంట్లో పేరుకున్న విషాలు కరిగి బయటికి పోయే శుద్ధి అది. ఆ విషాల్లో మందులు కూడా ఉన్నాయి, అసలు మందుల వల్ల చేరిన విషమే మొండిదంటారు. ఇప్పుడు ఆలోచించండి. శుద్ధి చేశాక జ్వరం తగ్గిందనుకోండి, వెలుగు పనిచేసింది. పెరిగిందనుకోండి, వెలుగు ఇంకా బాగా పనిచేస్తోంది, విషం జోరుగా బయటికొస్తోంది, సంతోషించాలి. తగ్గకా పెరగకా ఉంటే ఏ పూర్వీకుడి ఆత్మో పట్టుకుని ఉంది, ఇంట్లో పితృదేవతల పీఠం సరిగ్గా లేదు, లేకపోతే పతకం కింద పడేశావు. ఏం జరిగినా సిద్ధాంతానికి మాత్రం ఢోకా ఉండదు. తప్పు ఉంటే గింటే రోగిది. మామూలు డాక్టరైతే మందు పనిచేయకపోతే మార్చాలి, ఇంకో పరీక్ష రాయాలి, కనీసం నాకు అంతుబట్టలేదు పెద్దాసుపత్రికి వెళ్ళండి అనాలి. ఇక్కడ ఆ మాట అనాల్సిన అవసరమే ఎవరికీ రాదు. చేయెత్తడంలో ప్రమాదం ఏమీ లేదు, నన్నడిగితే అందులో సుఖం కూడా ఉంది. ప్రమాదమంతా ఒళ్ళు ఇచ్చే హెచ్చరికను శుభవార్తగా చదివే ఆ లెక్కలో ఉంది.

సంస్థలు మాత్రం ఆసుపత్రికి వెళ్ళొద్దని మేం ఎవరికీ చెప్పం, అది సభ్యుల ఇష్టం అంటాయి. నిజమే కావచ్చు, పక్కింటావిడ కూడా బీపీ మాత్ర వేసుకుంటుంది, వేసుకుంటూ కొంచెం సిగ్గుపడుతుంది. ఆ సిగ్గు ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగాలి కదా? మందు విషమని వారం వారం వినిపించి, మింగడం మానడం మీ ఇష్టం అంటే అది ఏపాటి ఇష్టం?

పెద్దవాళ్ళ వరకూ ఎవరి ప్రాణం వాళ్ళిష్టం అని సరిపెట్టుకుందాం. పసివాళ్ళ మాటేమిటి? 2009లో ఫుకువోకాలో ఏడు నెలల పసివాడు చనిపోయాడు. ఒంటి మీద అటోపిక్ డెర్మటైటిస్ అనే చర్మవ్యాధి ముదిరింది, తల్లిదండ్రులు ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా చేతి శుద్ధినే నమ్ముకున్నారు. 2010 జనవరిలో పోలీసులు వాళ్ళిద్దర్నీ అరెస్టు చేశారు. అది మహికారి కాదు, మోకిచి ఉపదేశం నుంచి చీలిన వేరే సంస్థ, ఈ మాట స్పష్టంగా చెప్పాలి. కానీ తర్కం ఒక్కటే. ఆ తల్లిదండ్రులు బిడ్డ మీద ప్రేమ లేనివాళ్ళని నేననుకోను. దద్దుర్లు ఎంత ఎక్కువైతే అంత విషం పోతోందని నమ్మినవాళ్ళకు ఏ రోజు భయపడాలో ఎలా తెలుస్తుంది?

ఇక్కడి ప్రభుత్వం ఇన్నాళ్ళూ మతం జోలికి వెళ్ళాలంటే వెనకాడేది. ఓమోతోకు యుద్ధానికి ముందు జరిగింది తలుచుకుంటే ఆ జంకు సబబే, ఇంకోసారి డైనమైట్ రోజులు రావాలని ఎవరూ కోరుకోరు. 2022 జులైలో మాజీ ప్రధాని షింజో అబే హత్య తర్వాత గాలి మారింది. ఆ గొడవ విరాళాల విషయంలో యూనిఫికేషన్ చర్చి అనే వేరే మతసంస్థ మీద కోపంతో వచ్చింది, దానికీ వీళ్ళకూ సంబంధం లేదు, అయినా ఆ దెబ్బతో వచ్చిన నిబంధనలు అన్ని మతాలకూ వర్తిస్తాయి. ఆ డిసెంబర్‌లోనే భయపెట్టి విరాళాలు అడగకూడదని, ఇల్లు అమ్మి ఇవ్వమని, అప్పు చేసి ఇవ్వమని అడగకూడదని చట్టం చేశారు. అదే నెలాఖర్లో ఆరోగ్యశాఖ ఇంకో మార్గదర్శకం ఇచ్చింది, పిల్లలకు అవసరమైన వైద్యాన్ని మతం పేరుతో అందనీయకపోవడం నిర్లక్ష్యం కిందకు, అంటే బాలలపై హింస కిందకు వస్తుందని అందులో రాసింది. నా ఉద్దేశంలో మొదటిదానికంటే ఈ రెండోదే పెద్ద అడుగు. డబ్బు పోతే లాయరును పెట్టుకుని కొంతైనా రాబట్టుకోవచ్చు.

మీ కథనం చదివి ఎంతమంది ఇంటర్నెట్‌లో మహికారి అని వెతికి ఉంటారో నాకు తెలియదు. వెతకనివ్వండి, వెళ్ళి చూడనివ్వండి, మోకాళ్ళు నొప్పెట్టకపోతే అరగంట హాయిగానే గడుస్తుంది. వెతికేవాళ్ళను తిట్టమని మిమ్మల్ని అడగడం లేదు. ఈ విషయం మీద మళ్ళీ ఏమైనా వేస్తే మాత్రం, బాగైపోయిందన్న వాళ్ళతో పాటు బయటికొచ్చేసిన వాళ్ళ మాట కూడా వేయండి, ఒక పిల్లల డాక్టర్నీ అడగండి. సంస్థ ప్రతినిధి దొరికితే ఒక్క ప్రశ్న వేయండి చాలు: మీ సభ్యురాలి మూడేళ్ళ పాపకు రెండు రోజులుగా 40 డిగ్రీల (మన లెక్కలో 104) జ్వరం ఉంటే మీ దోజో ఏం చేయమని చెబుతుంది? ఆయన ఏమన్నా సరే, ఆ జవాబును కత్తిరించకుండా ఫోటోల పక్కనే వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నగోయా, జపాన్