మూడో అంతస్తు బాబాయ్ గారికి

మొన్న మంగళవారం రాత్రి పదకొండున్నరకి మా వీధి చివర ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకైంది. కళ్లు మండిపోతుంటే మా ఆయన స్కూటీ తాళాలు తీశారు, నేను పాపను భుజాన వేసుకున్నాను. విశాఖలో ఉన్నవాళ్లకి మొదట తోచేది పరుగే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే విషవాయువు లీకై, జనం పరుగెడుతూ రోడ్ల మీదే పడిపోవడం చూసినవాళ్లం కదా.

అంతలో బాబాయ్ గారి ఫోన్. "అమ్మాయ్, గేటు దాటకండి. గాలి అటునుంచి మన మీదికే కొడుతోంది. కిటికీలు మూసి, ఫ్యాన్లు, ఏసీ కట్టేసి లోపలి గదిలో కూర్చోండి." స్ప్లిట్ ఏసీ బయటి గాలి లాగదు కదండీ అని మా ఆయన వాదన మొదలుపెట్టారు. "ఆ లెక్కలు రేపు చూసుకుందాం, ముందు కట్టెయ్ బాబూ!"

ఆయన ఫ్యాక్టరీల్లో సేఫ్టీ పని చేసి రిటైరైన మనిషి. అసోసియేషన్ మీటింగులో ఆ కబుర్లు ఎత్తగానే వెనకనుంచి జారుకునే బ్యాచ్ మాది.

రెండు నిమిషాల్లో మూతికి తడి తువ్వాలు కట్టుకుని, ప్యాకింగ్ టేపుతో దిగొచ్చారు. అమ్మోనియా నీళ్లలో ఇట్టే కరుగుతుందట, అందుకే తడిగుడ్డ. నా చున్నీ తడిపి గుమ్మం కింద కుక్కారు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నం సంగతి మాకు తట్టనే లేదు. గోడ మీది కేలండర్ పీకి దానికి అడ్డంపెట్టి నాలుగువైపులా టేపు వేసేశారు. అందులో అప్పన్న బొమ్మ ఉందని మా అత్తయ్య గొడవ.

సెల్లార్‌లో రేకుల గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబాన్ని అప్పటికే తన ఫ్లాట్‌లోకి ఎక్కించారు. నలుగురు మనుషులు. వాళ్లు మాకెవరికీ గుర్తురాలేదు, సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

112కి ఫోన్ చేసిందీ ఆయనే. గంటన్నరలో ఫైర్ వాళ్లు లీకు ఆపి, ఇక భయం లేదని మైకులో చెప్పారు. వాళ్లకీ దండాలు. హమ్మయ్య అని పడుకోబోతుంటే మళ్లీ ఫోన్: "ఇప్పుడు అన్నీ బార్లా తెరిచి, కాసేపు మేడ మీదికి రండి. లోపల చిక్కుకున్న గాలి పోవాలి."

బాబాయ్ గారూ, శుక్రవారం మీకూ, వాచ్‌మన్ వాళ్లకీ పులిహోర పంపిస్తున్నాను. టేపు కూడా. సగమే మిగిలింది, ఏమనుకోకండి.